కిటికీ అట్ట

ఆ పిల్ల చూపు చెడగొట్టింది మీరే. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం వచ్చా రాదా తేలుస్తామని పరీక్ష పెట్టి, అందులో చదవడానికి మాత్రం టైము ఇవ్వని యూనివర్సిటీ పెద్దలు మీరు. ఆ ఇరుకులోంచి వ్యాపారం పిండుకున్న కోచింగ్ సెంటర్ల వాళ్ళు మీరు. ఒకరు తలుపు మూశారు. ఇంకొకరు దానికి కన్నం పొడిచి ఇందులోంచి దూరండి అన్నారు. దూరలేనివాళ్ళని ఇద్దరూ కలిసి మొద్దులన్నారు. ఏం జరిగిందో మొదట్నుంచీ వినండి. తొందరపడి చివరికి ఉరకొద్దు. ఉరకడం మీరు నేర్పిన విద్యే, తెలుసు. ఈ ఒక్కసారికి మానుకోండి.

అదొక పాత మేడ. పై అంతస్తులో కోచింగ్ సెంటరు. కింద మెట్ల గూట్లో, మనిషి నిటారుగా లేస్తే నెత్తి కొట్టుకునే చోట, బ్యాగుల రిపేరు దుకాణం. దుకాణం వదినది. ఒక స్టూలు, ఒక కుట్టుమిషను, మైనం పూసిన దారం ఉండలు, దబ్బనాలు, జిప్పు రన్నర్లు గలగలలాడే రేకు డబ్బా. వచ్చేవాళ్ళలో సగానికి సగం పైన చదువుకునే పిల్లలే. సారు ఇచ్చే పుస్తకాల బరువుకి భుజం పట్టీలు ఊడిపోతుంటాయి. ఆయన పుస్తకాలు పెంచినంతకాలం మన పొయ్యి ఆరదని వదిన నవ్వేది.

ఆమె ఆడపడుచు పొద్దున పైన క్లాసులో, మధ్యాహ్నం కింద దుకాణంలో. క్లాసులో ఆ పిల్ల పేరు టిక్కు. ప్రశ్న చదవడం ఆలస్యం, జవాబు పక్కన టిక్కు పడిపోయేది. సారు గడియారం ఆపేలోగా పెన్ను కింద పెట్టేసేది. ఆ పేరు పట్టుకుని వదిన కూడా అలాగే పిలిచేది. టిక్కుకి అది బిరుదులాగే ఉండేది.

చేరాలనుకున్నది యూనివర్సిటీలో అనువాదం కోర్సు. ప్రేమతో ఎంచుకున్నదేం కాదు. దానికి పోటీ తక్కువని సారు చెప్పాడు, వీళ్ళు తలూపారు. కిందటేడు సీటు రాలేదు. అన్న పార్సిల్ వ్యాను నడుపుతాడు. ఈసారీ రాకపోతే పెద్ద స్టోర్లో బిల్లింగ్ కౌంటర్ పని చూశానని ఒక సాయంత్రం చెప్పాడు. కేకలు వేస్తే ఎదురు చెప్పొచ్చు. నడుం పట్టుకుని గోడకి ఆనుకుంటూ మెల్లగా చెప్పినవాడికి ఏం ఎదురు చెబుతారు?

ఇక ఆ అట్ట సంగతి. అరచేయంత అట్టముక్క, మధ్యలో సన్నగా కోసిన చీలిక. పైన క్లాసులో దాన్ని కిటికీ అంటారు. ఇంగ్లీషు పాసేజీ మీద పెడితే రెండు మూడు వరుసలు కనిపిస్తాయి, తక్కినదంతా మూతబడుతుంది. ముందు ప్రశ్న చదవాలి. అందులో గట్టి మాట ఒకటి ఏరుకోవాలి. కిటికీని జరుపుకుంటూ పోయి ఆ మాట ఎక్కడ దొరికితే అక్కడ ఆపి, పైవరుసా కిందివరుసా చూసి టిక్కు కొట్టాలి. అంతే చదువు. పాసేజీని మొదట్నుంచీ చదువుతూ ఎవడైనా దొరికితే సారు వాణ్ణి లేపి నిలబెట్టేవాడు. కథలు కావాలంటే ఇంటికి పొమ్మనేవాడు. పరీక్ష హాల్లోకి అట్ట రానివ్వరు. అందుకని రోజూ ఒకటే పాట.

“అప్పటికల్లా ఇది మీ చేతిలో కాదు, కంట్లో ఉండాలి.”

ఉంది. టిక్కు కంట్లో దిగబడి కూర్చుంది.

దానికి మొదటి దెబ్బ తోలు బ్యాగు తిన్నది. మేడ ఓనరు గోడకి నోటీసు అంటించాడు, శుభ్రమైన తెలుగులో. చేతిలో పని వదల్లేక వదిన అదేమిటో చూడమంది. టిక్కు ఒక్క చూపు విసిరి, మేడమీది గదుల గురించి, మనకేం లేదు అంది. మేడమీది గదులన్న మాట దానికి దొరికింది, అక్కడే ఆగింది. కింది వరుసల్లో ఏముందో మర్నాడు తెలిసింది. మెట్ల గోడలకీ సున్నం కొడతారు, సామాను తీసుకోండని ఉంది. వీళ్ళు ఎప్పటిలా బ్యాగులు మేకులకి తగిలించి టీకి వెళ్ళొచ్చేసరికి, ప్లీడరుగారి నల్లటి తోలు బ్యాగు మీద తెల్లటి చుక్కలు. వదిన కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. కాకుల పని అని చెబుదామా, అంత పెద్ద కాకుల్ని ప్లీడరుగారు నమ్ముతారా అంటూ తనే నవ్వింది. టిక్కు కూడా నవ్వింది. కానీ లోపల ఎక్కడో చురుక్కుమంది. తన భాషలో ఉన్న నాలుగు వాక్యాలు తను చదవలేకపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం. ఎండకి వీధిలో పురుగు లేదు. వదిన భుజం పట్టీకి డబుల్ కుట్టు వేస్తోంది. రేడియో పాడైపోయి చాలా కాలమైంది, ఆవిడకి నోరూ చెవీ రెండూ ఊరుకోవు. టిక్కు ఒక పాసేజీ అప్పుడే ముగించి, జవాబుల పేజీతో సరిచూసుకుని, అన్నీ కరెక్టే అనుకుంటోంది. అది దేని గురించే అని వదిన అడిగింది. ఊళ్ళో గడియారం గురించి అని చెప్పింది. దానికేమైంది అని వదిన. దాన్ని చూసుకునే మనిషి ఒకడున్నాడనీ, ఊరివాళ్ళు ఫిర్యాదు చేశారనీ, రైలు సంగతి కూడా ఉందనీ టిక్కు ముక్కలు ముక్కలుగా చెప్పింది.

“అది కాదే. గడియారం ముందు నడుస్తోందా, వెనక నడుస్తోందా?”

టిక్కు జవాబుల పేజీ మళ్ళీ తిప్పి చూసింది.

“జవాబులన్నీ కరెక్టే వదినా.”

“సరే, కరెక్టే. ఎవరు కాదన్నారు? గడియారం సంగతి చెప్పు.”

తెలీదు. దాని మీద ప్రశ్న రాలేదు, కిటికీ అక్కడ ఆగలేదు. గడియారం గురించిన పాసేజీకి మార్కులన్నీ వచ్చిన పిల్లకి గడియారం ముందుందో వెనకుందో తెలీదు. పెద్దలారా, మీ పరీక్షకి ఇది చాలు. దబ్బనం పట్టుకున్న ఆవిడకి చాల్లేదు. ఆవిడకి తెలివి ఎక్కువై కాదు. ఆవిడకి విసుగ్గా ఉంది, కథ కావాలి.

టిక్కు కిటికీ పక్కన పెట్టి మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. అది ఎంత కష్టమైందో చెప్పడం కష్టం. రెండో వరుసకి వెళ్ళేసరికి చూపు అడుగున ఉన్న ప్రశ్నల మీదికి గెంతేది. మళ్ళీ పైకి లాక్కొచ్చేది. వేలు పెట్టుకుని, పెదవులు కదుపుకుంటూ, బడికి కొత్తగా వచ్చిన పిల్లలా చదివింది. వదిన ఒక పట్టీ పూర్తిచేసి ఇంకొకటి ఎత్తుకుంది. చివరికి కథ బయటికొచ్చింది. ఊరి గడియారం ఎప్పుడూ ముందు నడుస్తుంది, అది అందరికీ తెలుసు. రైలు తప్పిపోకుండా ఉంటారని పాత మనిషి కావాలనే అలా పెట్టాడు. జనం దానికి అలవాటుపడి, ఇంకా టైముందిలే అని మనసులో తగ్గించుకుని బయల్దేరేవాళ్ళు. కొత్తగా వచ్చినవాడు నిజాయితీపరుడు. గడియారాన్ని సరిచేశాడు. మర్నాడు ఊరంతా రైలు తప్పిపోయింది.

వదిన మిషను ఆపి మరీ నవ్వింది.

“మీ అన్నా అంతే కదే. ఫోన్లో టైము ముందుకి జరుపుకుంటాడు. ఏనాడైనా ముందు లేచాడా?”

ఆ నవ్వు టిక్కుని పట్టేసింది. ఎవరో ఎక్కడో ఇంగ్లీషులో రాసిన మాట తన నోట్లోంచి వెళ్ళి ఈ మెట్ల గూట్లో నవ్వయింది. ఆ పిల్ల కిందటేడూ ఈ ఏడూ కలిపి ఎన్ని టిక్కులు కొట్టిందో గానీ ఒక్కటీ ఎవర్నీ నవ్వించలేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం కథ లేకపోతే వదిన ఊరుకునేది కాదు. పాసేజీ ఏదైనా సరే, తెలుగులో చెప్పాల్సిందే. రొట్టె ఎందుకు గట్టిపడుతుందో, చలి దేశాల్లో పక్షులు ఎటు పోతాయో, అన్నీ విన్నది. ప్రతిదానికీ అడ్డం పడేది. జవాబుల్లో సరైనది ఎంచమంటే మాత్రం ఆవిడ అన్నీ తప్పే చెప్పేది. పొలం తగాదా పాసేజీలో రచయిత ఉద్దేశం ఏమిటని అడిగితే, వాడి ఉద్దేశం నాకెందుకు, తప్పు ఆ పొలం యజమానిదే అని తీర్పు చెప్పి కూర్చునేది. పుస్తకంలో అలా లేదు వదినా అంటే, పుస్తకం రాసినవాడు యజమాని చుట్టమై ఉంటాడు అనేది. టిక్కు తల పట్టుకునేది. కానీ ఆ వాదన కోసం పాసేజీలోకి మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సొచ్చేది. ఎక్కడ ఏముందో, ఎవరు ఎవరితో ఎందుకన్నారో చూపించాల్సొచ్చేది. చూపు గెంతడం మెల్లగా తగ్గింది.

సెలూన్ పాసేజీ వచ్చింది ఆ రోజుల్లోనే. ఇద్దరు భాగస్తులు ఒకే సెలూన్ నడుపుతారు, పక్కపక్క కుర్చీల్లో పనిచేస్తారు. టిక్కు ఇంగ్లీషులోని ‘స్పీకింగ్ టర్మ్స్’ని ఉన్నది ఉన్నట్టు దించుతూ, వాళ్ళిద్దరూ మాట్లాడే షరతుల మీద లేరు అంది. ఏం షరతులే అని వదిన దారం కొరుకుతూ అడిగింది. టిక్కు ఆగింది. పెదవి కొరుక్కుంది. అట్టలోంచి చూసే రోజుల్లో అయితే దాటేసి పోయేదే. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఆ ఇద్దరినీ ఊహించుకుంది. కత్తెర చప్పుడు, అద్దాలు, మూతులు ముడుచుకున్న ఇద్దరు మగాళ్ళు.

“వాళ్ళిద్దరికీ మాటల్లేవు వదినా.”

“ఆఁ. అలా చెప్పు. మా బాబాయిలు కూడా అంతే, ఎన్నేళ్ళో.”

ఆ మాట దొరికినప్పుడు టిక్కుకి ఒళ్ళు ఝల్లుమంది. పోటీ తక్కువని ఎవరో అంటగట్టిన కోర్సు ఆ క్షణాన తనదైంది. ఇన్నాళ్ళూ సీటు కావాలనుకుంది. ఇప్పుడు ఆ పని కావాలి.

సెలూన్ వాళ్ళిద్దరూ ఒకరికొకరు చెప్పాల్సింది కుర్చీలో కూర్చున్న కస్టమరు ద్వారా చెప్పుకునేవారట. సబ్బు అయిపోయిందని ఆయనకి చెప్పండి. తెప్పించుకోమని ఆయనకి చెప్పండి. సగం గడ్డంతో ఉన్న మనిషి అటూ ఇటూ తల తిప్పలేక అవస్థపడేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక రోజు జోరున వాన. పొద్దున్నుంచీ ఒక్క కస్టమరూ రాలేదు. పాసేజీ అక్కడితో అయిపోయింది. కింద ప్రశ్నలు.

వదిన దబ్బనం గాల్లో ఆగిపోయింది. తర్వాతేమైందని అడిగింది. అంతే ఉందని టిక్కు చెప్పింది. అంతే ఉండటమేమిటి, చొక్కా కుట్టి చేతులు పెట్టకుండా ఇచ్చినట్టు అని వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరు రాశారు, ఏ పుస్తకం, అదైనా ఉందా? లేదు. పేజీ అటూ ఇటూ తిప్పినా లేదు. ఎవరో మనిషి కూర్చుని రాసుకున్నదాన్ని మొదలూ చివరా నరికి, పేరు చెరిపి, ప్రశ్నలు తగిలించారు. పైకెళ్ళి సారునే అడగమని వదిన పంపింది.

టిక్కు క్లాసులో లేచి అడిగింది. అందరూ గుడ్లప్పగించి చూశారు. క్వశ్చన్‌లో ఉందా అని సారు అడిగాడు. లేదంది. మరి నీకెందుకన్నాడు. పిల్లలు నవ్వారు. క్లాసయ్యాక మాత్రం ఆయన టిక్కుని ఆపాడు. మరీ కసాయేం కాదు ఆయన. కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“చూడమ్మా. నేను చదివించడానికి కూర్చోలేదు, సీటు ఇప్పించడానికి కూర్చున్నాను. టైము వాళ్ళు కోశారు, నేను కాదు. ఆ టైములో చదివేవాడికి సీటు రాదు. ఇది నీకూ తెలుసు, నాకూ తెలుసు.”

నిజమే చెప్పాడు. ఆయన్ని తిట్టిపోయడానికి ముందు ఆ మాట ఒప్పుకోవాలి. ఒప్పుకుని, ఆ తర్వాత తిట్టాలి. నిజం తెలిసి కూడా అట్టలు కోసి పంచినందుకు.

నమూనా పరీక్షలు మొదలయ్యాయి. టిక్కు పాసేజీలు పూర్తిగా చదివింది. చదివినవాటికి జవాబులు పెట్టడానికి వెతుకులాటే అక్కర్లేకపోయింది, అవి వాటంతటవే వచ్చేశాయి. కానీ ప్రతిసారీ చివర్లో ఏదో ఒకటి మిగిలిపోయేది. మార్కులు తగ్గేకొద్దీ టిక్కుని ముందు వరుసలోంచి నడిమి వరుసకి, అక్కడ్నించి గోడ పక్కకి మార్చారు. టిక్కు అనే పేరు ఇంకెవరికో ఇచ్చారు. ఆ కబురు అన్న చెవిన పడింది.

అన్న మధ్యాహ్నం వ్యాను వీధిలో ఆపి దుకాణం ముందుకొచ్చాడు. తలెత్తి నిలబడే చోటు లేక మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపు జిప్పు డబ్బా గిలకరించాడు. వదినే ముందు అందుకుంది. కథలు చెప్పమని దాన్ని నేనే చెడగొట్టానంటారు, అంతేగా అంది. అన్న ఆ మాట అనలేదు, కాదనీ అనలేదు. పరీక్ష దాకా మళ్ళీ అట్ట పట్టుకో, సీటొచ్చాక నీ ఇష్టం వచ్చినంత చదువుకో అని చెల్లెలికి చెప్పాడు. న్యాయంగా వినిపించే మాటే. టిక్కు తలొంచుకుని ఆలోచించింది.

“పట్టుకున్నాను అన్నయ్యా, నిన్న. గడియారం పాసేజీ మళ్ళీ అట్టతో చేసి చూశాను. నాకు వచ్చిన కథే అయినా మళ్ళీ ముక్కలైపోయింది. ఇంకోసారి పాడైతే ఇంక బాగుపడదని భయమేస్తోంది.”

అన్న ప్యాంటు దులుపుకుని లేస్తూ నెత్తి కొట్టుకున్నాడు. వదిన నవ్వు ఆపుకుంది. తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజు అన్నే వ్యానులో దింపాడు. హాలు ప్రశాంతంగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది, కాగితాల చప్పుడు. టిక్కు మొదటి పాసేజీ మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివింది. మంచు కరిగి ఏరయ్యే సంగతి. జవాబులు పెట్టేసింది. తర్వాతది వంతెన కాపలాదారు గురించి. వదిన ఇక్కడ అడ్డం పడేది అనుకుని తనలో తను నవ్వుకుంది. ఒకటి తర్వాత ఒకటి, తొణక్కుండా. చివరి పాసేజీ దగ్గరికి వచ్చేసరికి టైము దగ్గరపడిందని హెచ్చరించారు. చుట్టూ పెన్నులు టకటకమన్నాయి. అందరూ మిగిలినవాటికి కళ్ళు మూసుకుని టిక్కులు కొడుతున్నారు. ఆ పిల్ల కొట్టలేదు. చివరి పాసేజీ మొదటి పేరా చదువుతూ ఉండగా కాగితం లాక్కుపోయారు.

ఇంటికొచ్చి ఆ సంగతి దాచకుండా చెప్పింది. అన్నకి అంత కోపం ఎప్పుడూ రాలేదు. గుడ్డిగా కొట్టినా ఒకటో రెండో తగిలేవి కదా అన్నాడు. గొంతు పెరిగింది. టిక్కు గొంతు పెరగలేదు.

“చదివి అర్థం చేసుకున్నావా అనే కదా పరీక్షలో అడిగింది అన్నయ్యా. చదవనిదాన్ని చదివానని ఎలా చెప్పను?”

ఫలితాలొచ్చాయి. రాసినవాటిలో దాదాపు అన్నీ సరే. రాయనిది పోయింది. అర్హత మార్కుల గీత కింద కొద్దిలో ఆగిపోయింది. అనువాదం శాఖ బోర్డు మీద ఇంకో కాగితం అంటించారు, టిక్కు దాన్ని పైనుంచి కింది దాకా, అడుగున ఉన్న చిన్నక్షరాలతో సహా చదివింది. గీత దాటిన వాళ్ళు చాలామంది వేరే కోర్సులకి పోయారు. శాఖలో సీట్లు మిగిలిపోయాయి. అర్హులు లేనందున వాటిని భర్తీ చేయడం లేదు.

అర్హులు లేరట. దుకాణానికి వచ్చి వదినకి అది చదివి వినిపించింది. ఎంచక్కా, ఒక్క మాట పోకుండా. వదిన పనాపింది. ఈసారి తర్వాతేమైందని అడగలేదు. పక్కకి జరిగి టిక్కుకి చోటిచ్చి, తోలు ముక్క ఒకటి చేతికిచ్చింది. ఇద్దరూ కాసేపు పని చేసుకున్నారు. పైన క్లాసు వదిలారు. బరువు బ్యాగులతో పిల్లలు దడదడ మెట్లు దిగిపోయారు.

బిల్లింగ్ కౌంటర్లో సోమవారం చేరమన్నారు.

అందుకే ఇది ఇప్పుడు చెబుతున్నది, తీరిగ్గా వచ్చే ఏడు కాదు. మీ కుర్చీలు ఖాళీ, మీ క్లాసుగది ఖాళీ, ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు మనిషి నోట్లో పలికించగల పిల్ల మీ గడప బయట నిలబడి ఉంది. వచ్చే పరీక్షకి మనిషి చదవగలిగినంత టైము ఇవ్వండి. పాసేజీ కింద రాసినవాడి పేరూ పుస్తకం పేరూ వేయండి. కోచింగ్ వాళ్ళూ, అట్టలు కోయడం ఆపండి, ఆ పాఠం ఇవాళ్టి నుంచే మానండి. ఇవన్నీ చెయ్యాల్సినవే. కానీ వాటికి కమిటీ వెయ్యాలి, మీటింగు పెట్టాలి అంటారు, మీ సంగతి తెలియనిది కాదు. ముందు చెయ్యాల్సింది ఒకటుంది, దానికి ఏ కమిటీ అక్కర్లేదు. మిగిలిన సీట్లు భర్తీ చేయమన్న కాగితం మీద సంతకం పెట్టండి. ఆ పిల్ల జవాబు పత్రం బయటికి తీసి, ఎంత చదివిందో, చదివినదాంట్లో ఎంత సరిగ్గా పట్టుకుందో చూడండి. చూసి పిలవండి. సోమవారం లోపల పిలవండి.